టెలిగ్రామ్‌లో ‘లైఫ్‌టైమ్ ఎడిటింగ్ ప్యాక్’ కొనబోతున్నారా? ముందు నాకు జరిగింది చదవండి

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే అన్నలకు, తమ్ముళ్లకు, ఈ మధ్యే పనిలోకి వచ్చిన చెల్లెళ్లకు ఈ పోస్టు. ముహూర్తాలు మొదలయ్యే ముందు మనమంతా కొత్త టైటిల్స్, ట్రాన్సిషన్లు, లట్‌ల (వీడియో రంగులు మార్చే ఫైళ్ల) కోసం వెతుకుతాం. నేనూ అలాగే వెతికి ఒక టెలిగ్రామ్ ఛానల్లో రూ.1,499 కట్టాను. ఎడియస్, ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లకు ప్రాజెక్టులు, టెంప్లేట్లు, లట్‌లు, ‘కాపీరైట్ లేని’ పాటలు, ఆ సాఫ్ట్‌వేర్లకు కొత్త ఎఫెక్టులు కలిపే ‘లైఫ్‌టైమ్’ ప్లగిన్లు, అన్నీ ఒకే డ్రైవ్ లింకులో. ఆ లింకు వల్ల 2014 నుంచి పెంచుకున్న మా స్టూడియో యూట్యూబ్ ఛానల్ ఒక్క రాత్రిలో పోయింది.

డబ్బు కట్టగానే లింకు వచ్చింది. అందుకే నమ్మేశాను. టెంప్లేట్లు నిజంగానే ఉన్నాయి. కానీ ఫోల్డర్ల పేర్లలో, టెంప్లేట్లు అమ్మే వీడియోహైవ్ సైటు ఐటెం నెంబర్లు అలాగే ఉన్నాయి. అంటే ఎవరో కష్టపడి చేసుకున్న పనిని దొంగిలించి మనకు అమ్ముతున్నారన్నమాట. అక్కడే ఆగాల్సింది, ఆగలేదు.

ప్లగిన్ల జిప్‌కు పాస్‌వర్డ్ ఉంది. ‘విండోస్ డిఫెండర్ ఆపి ఇన్‌స్టాల్ చేయండి, లేకపోతే యాక్టివేట్ కాదు’ అని లోపల ఒక నోట్. డిఫెండర్ అంటే విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్. అనుమానమొచ్చి, ఫైళ్లలో వైరస్ ఉందేమో చూసే వైరస్‌టోటల్ సైటులో వేద్దామంటే జిప్ విప్పగా వచ్చిన ఫైలు 700 ఎంబీ దాటింది, అక్కడ 650 ఎంబీకి మించి తీసుకోరు. లోపల ఎక్కువ భాగం ఉత్త సున్నాలేనని, పరీక్షకు దొరక్కుండా కావాలనే సైజు పెంచారని తర్వాత తెలిసింది. పాస్‌వర్డ్ పెట్టిందీ స్కానర్ లోపలికి చూడకుండా ఉండటానికే.

డిఫెండర్ ఆపాను. ఇన్‌స్టాల్ చేయబోతే ఏదో ఎర్రర్ చూపించి మూసుకుపోయింది. ప్లగిన్ పాడైందనుకుని పడుకున్నాను. తెల్లవారుజామున ఒక కస్టమర్ ఫోన్: “అన్నా, మా చెల్లి పెళ్లి వీడియో కనపడట్లేదు, మీ ఛానల్లో ఏదో ఇంగ్లిష్ లైవ్ వస్తోంది.” చూస్తే ఛానల్ పేరు, ఫొటో మార్చేసి క్రిప్టో లైవ్ నడుపుతున్నారు. పెళ్లి వీడియోలన్నీ ప్రైవేట్‌లోకి పోయాయి.

నాకు టూ-స్టెప్ వెరిఫికేషన్ ఉంది. అయినా ఒక్క ఓటీపీ రాలేదు. ఎందుకంటే వాళ్లకు మన పాస్‌వర్డే అక్కర్లేదు. మనం లాగిన్ అయి ఉన్నట్టు బ్రౌజర్లో దాచుకునే సెషన్ కుకీని ఎత్తుకుపోతారు. అది ఎవరి దగ్గరుంటే వాళ్లను యూట్యూబ్ మనమేననుకుని లోపలికి వదిలేస్తుంది. 2023 మార్చిలో లైనస్ టెక్ టిప్స్ అంత పెద్ద టెక్నాలజీ యూట్యూబ్ ఛానల్ పోయింది కూడా ఇలాగే. వాళ్లకు స్పాన్సర్ పంపిన ఫైలు వేషంలో వచ్చింది, నాకు ప్లగిన్ వేషంలో.

ఛానల్ తిరిగి రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. పోయిన డబ్బు గురించి నాకు బాధ లేదు. పెళ్లికి రాలేకపోయిన డల్లాస్ కొడుక్కి మా ఛానల్లోని వీడియో లింకే పంపుకున్న ఒక తల్లి రోజూ ఫోన్ చేసేది. ఆమెకు ఏం చెప్పాలో తెలిసేది కాదు. దీనికి తోడు ఆ ప్యాక్‌లోని ‘కాపీరైట్ లేని’ పాట పెట్టిన ప్రీవెడ్డింగ్ వీడియోకు కంటెంట్ ఐడీ (కాపీరైట్ పాటలను పట్టుకునే యూట్యూబ్ వ్యవస్థ) క్లెయిమ్ పడింది.

ఒకటి గుర్తుపెట్టుకోండి. లట్ అంటే మామూలుగా డాట్ క్యూబ్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే వరసగా అంకెలే కనిపిస్తాయి. టెంప్లేట్‌ను ప్రీమియర్ లోంచే ఇంపోర్ట్ చేసుకుంటాం. వీటికోసం ఎవరైనా ఈఎక్స్‌ఈ (నొక్కగానే నడిచే ప్రోగ్రాం ఫైలు) ఇస్తే ముట్టుకోకండి. ‘ప్రీమియర్ ప్రో లైఫ్‌టైమ్’ అన్నా అంతే. దాన్ని తయారుచేసే అడోబీ 2013 నుంచి దాని కొత్త వెర్షన్లు చందా మీదే ఇస్తోంది.

నేనిప్పుడు డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌కు మారాను. 4కే యూహెచ్‌డీలో సెకనుకు 60 ఫ్రేముల దాకా ఎక్స్‌పోర్ట్ ఇస్తుంది, మన పెళ్లి పనికి అది చాలు. దాన్ని తయారుచేసే బ్లాక్‌మ్యాజిక్ సైట్లో శిక్షణ పుస్తకాలు, ప్రాక్టీసు ఫుటేజ్ కూడా డబ్బు లేకుండానే దొరుకుతాయి. పాటలకు యూట్యూబ్ ఆడియో లైబ్రరీ, సౌండ్లకు ఫ్రీసౌండ్ సైటు వాడుతున్నాను. ఫ్రీసౌండ్‌లో ప్రతి ఫైలుకూ లైసెన్స్ వేరు. నాన్‌కమర్షియల్ అని ఉంటే కస్టమర్ దగ్గర డబ్బు తీసుకునే పనిలో పెట్టకూడదు.

ఇప్పటికే అలాంటిది ఇన్‌స్టాల్ చేసి ఉంటే వెంటనే ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేయండి. పాస్‌వర్డ్ దాని మీద మార్చకండి, ఫోన్ లోంచి మార్చండి. గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో అన్ని డివైజులనూ సైన్ అవుట్ చేయండి. ఫుటేజ్ వేరే డిస్కులోకి తీసుకుని విండోస్ మొత్తం కొత్తగా వేయించండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆ ప్యాక్ అమ్మినవాళ్లు, నేను వాళ్ల గ్రూపులో అడిగిన ప్రశ్న తీసేసి నన్ను బ్లాక్ చేశారు. వారం తిరక్కుండానే అదే ప్యాక్ కొత్త పేరుతో రూ.999కి కనిపించింది. బ్యానర్‌లో పెళ్లికూతురి ముఖం సగం నీలం, సగం నారింజ రంగులో ఉంటుంది. కామెంట్లు ఆపేసి ఉంటాయి, పొగడ్తల స్క్రీన్‌షాట్లు మాత్రం ఉంటాయి. మీకు కనిపిస్తే రిపోర్ట్ చేయండి, మీ ఊరి స్టూడియో వాళ్లందరికీ చెప్పండి.