గేర్‌బాక్సా, హైడ్రోస్టాటిక్కా: పాత గార్డెన్ ట్రాక్టర్ల ఎంపిక

అమెరికాలో 1960లలో తయారైన గార్డెన్ ట్రాక్టరును (ఇంటి తోట పనులకు వాడే చిన్న ట్రాక్టరు) బాగుచేసి వాడుకోదలచినవారు అది పళ్ల చక్రాలతో నడిచే గేర్‌బాక్స్ బండా, నూనె ఒత్తిడితో నడిచే హైడ్రోస్టాటిక్ బండా అన్నది ముందే చూసుకోవాలి. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1961లో విడుదల చేసిన తొలి కబ్ క్యాడెట్ మొదటి తరహాది కాగా, 1968లో వచ్చిన జాన్ డీర్ 140 రెండవ తరహాది.

గేర్‌బాక్స్ ఇంజను శక్తిని తక్కువ నష్టంతో చక్రాలకు చేరుస్తుంది కనుక నాగలి లాగడానికి అదే మేలు. అరిగే క్లచ్, బేరింగులు, ఆయిల్ సీళ్లను సాధారణ పనిముట్లతోనే మార్చుకోవచ్చు.

హైడ్రోస్టాటిక్ బండిలో పంపు ఒత్తిడితో పంపే నూనె, చక్రాలను నడిపే హైడ్రాలిక్ మోటారును తిప్పుతుంది. ఒక్క లీవరుతో వేగమూ దిశా మారతాయి. పదేపదే ముందుకూ వెనక్కూ కదలవలసిన లోడరు, మంచు ఊడ్చే బ్లోయరు పనుల్లో ఈ సౌకర్యానికి గేర్లు సాటిరావు. అయితే నూనె వేడెక్కి పలచబడినప్పుడు అరిగిన పంపులో లోపలి లీకేజీ పెరిగి, చల్లగా ఉండగా చక్కగా నడిచిన బండి కాసేపటికి చిన్న ఎత్తు కూడా ఎక్కలేకపోతుంది. అందుచేత కొనేముందు బాగా వేడెక్కేదాకా నడిపి చూడాలి (అమ్మేవారికి ఇది అంతగా నచ్చకపోవచ్చు). నూనె, ఫిల్టరు మార్చి, శీతలీకరణ రెక్కలలోని చెత్త తీశాకే పంపు విప్పే ఆలోచన చేయాలి. విప్పితే మాత్రం లోపలికి చేరిన కొద్దిపాటి దుమ్ము కూడా హాని చేస్తుంది.

తిరిగే బ్లేడ్లతో నేలను గుల్లచేసే రోటరీ టిల్లరు విషయంలో నా మొగ్గు హైడ్రోస్టాటిక్ వైపే. గట్టి నేలలో బండి చాలా నిదానంగా కదలాలి. క్రీపర్ గేరు (బండిని అతి నిదానంగా నడిపే గేరు) లేని గేర్‌బాక్స్ బండికి మొదటి గేరు వేగం కూడా తరచుగా ఎక్కువే అవుతుంది.