సికింద్రాబాద్ సీటీసీలో "సీల్డ్" హార్డ్‌డిస్కులు కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఇది చదవండి

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, కాబట్టి రాసింది అటూ ఇటూ అయితే సర్దుకోండి. షాపు పేరు రాయట్లేదు. పార్క్‌లేన్ వైపు, అంటే సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ బజారులో, స్టోరేజ్ సామాను కొనేవాళ్ళలో సగం మందికి చెప్పక్కర్లేదు కూడా. మనం మెట్లెక్కుతుండగానే "అన్నకు టీ చెప్పురా" అని కేకేస్తాడు చూడండి, ఆయనే. ఆ టీ నాకు 31 వేలు పడింది.

సంగతి త్వరగా చెప్తా. ఇంట్లో ఫోటోలు, సినిమాలు, నాన్న హ్యాండీక్యామ్ క్యాసెట్ల నుంచి ఎక్కించిన వీడియోలు అన్నీ ఒకచోట పెట్టుకుని టీవీలో చూసుకుందామని చిన్న సర్వర్ కట్టుకుంటున్నా. అలా చూపించే ప్లెక్స్ అనే సాఫ్ట్‌వేర్ వాళ్ళు 2025 ఏప్రిల్ నుంచి ఇంటి బయట ఉండి చూడాలంటే డబ్బులు కట్టమంటున్నారు, అందుకే అదే పని ఉచితంగా చేసే జెల్లీఫిన్. ఇంటెల్ ఎన్100 చిప్పుతో వచ్చే చిన్న బోర్డులు చూశా గానీ వాటిలో చాలావాటికి హార్డ్‌డిస్కు తగిలించే సాటా పోర్టులు రెండే, మూడో డిస్కు పెట్టాలంటే మళ్ళీ ఎం.2 అనే స్లాట్‌లో గుచ్చే కార్డు కొనాలి. చివరికి ఏదో ఆఫీసు వదిలించుకున్న ఎనిమిదో తరం ఐ5 డబ్బా ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చా. 10 బిట్ హెచ్‌ఈవీసీ అనే బరువైన రకం వీడియోని కూడా గ్రాఫిక్స్ చిప్పే చూసుకుంటుంది, ప్రాసెసర్‌కి చెమట పట్టదు. సెకండ్‌హ్యాండ్ అని చెప్పి అమ్మిన ఆ డబ్బా నిక్షేపంగా ఉంది. కొత్తవని చెప్పి అమ్మినవే కొంప ముంచాయి.

డిస్కుల విషయంలో నేనేమీ కళ్ళు మూసుకుని వెళ్ళలేదు. ట్రాకులను ఇంటిపెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కించి రాసే ఎస్ఎంఆర్ డిస్కులు రెయిడ్‌కి, అంటే కొన్ని డిస్కులని కలిపి ఒకటిగా వాడే పద్ధతికి, పనికిరావని తెలుసు. 2020లో ఎన్ఏఎస్ (నెట్‌వర్క్‌లో పెట్టే స్టోరేజ్ డబ్బా) కోసమని అమ్మే వెస్టర్న్ డిజిటల్ (డబ్ల్యూడీ) రెడ్‌లలో 2 నుంచి 6 టీబీ వాటికి చెప్పాపెట్టకుండా అదే పద్ధతి పెట్టారని ఎంత గొడవైందో గుర్తుందిగా. సీగేట్ 8 టీబీ బారాకుడా చవగ్గా వస్తున్నా అది ఎస్ఎంఆరే కాబట్టి వద్దనుకున్నా. ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కని సీఎంఆర్ కావాలి, రోజంతా తిరగాలి, జెడ్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో రెండు డిస్కులు మిర్రర్ పెట్టాలి, అంటే రెండింట్లోనూ అదే డేటా, ఒకటి పోయినా రెండోదాంట్లో ఉంటుంది. రాత్రుళ్ళు కూర్చుని ఇవన్నీ చదివా. ఇంత చదివిన మహానుభావుడికి కౌంటర్ వెనకున్న మనిషి మొహం మాత్రం చదవడం రాలేదు.

ఆయన చూపించింది సీగేట్ ఎక్సోస్ 8 టీబీ. వెండిరంగు కవర్లో సీలు వేసి ఉంది. ఆన్‌లైన్ రేటు కంటే ఒక్కోదానికి మూడు వేలు తక్కువ. (ఇక్కడే నీకు అనుమానం రావాలి కదా అని మా ఆవిడ ఇప్పటికి చాలాసార్లు అడిగింది, మీరు మళ్ళీ అడగొద్దు.) కవరు తీసి ఒకసారి సిస్టమ్‌కి పెట్టి చూపించమన్నా. "సీల్ కోస్తే కంపెనీ రిటర్న్ తీస్కోదన్నా. స్టిక్కర్ మీద సీరియల్ కనపడుతుంది కదా, ఫోన్‌ల కొట్టి చూస్కో" అన్నాడు. చూసుకున్నా. అక్కడే నిలబడి సీగేట్ వెబ్‌సైట్‌లో రెండు నంబర్లూ కొడితే రెండిటికీ 2029 దాకా వారంటీ అని వచ్చింది. ఇంకేం కావాలి? జీఎస్టీ బిల్లు అడిగితే "18 పర్సెంట్ ఎక్స్‌ట్రా అయితది, ఎందుకన్నా, వారంటీ సీరియల్ మీద ఉంటది కదా" అని ఎస్టిమేట్ చీటీ చేతిలో పెట్టాడు. గులాబీ రంగు కాగితం, "8 టీబీ హార్డ్‌డిస్క్, 2" అని ఒక లైను, అంతే. కింద రబ్బరు ముద్ర: ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.

ఇంటికొచ్చి బిగించా. డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే స్మార్ట్ లెక్కల్లో పవర్ ఆన్ గంటలు సున్నా. కాపీ పెట్టి పడుకున్నా. పొద్దున లేచేసరికి రెండింట్లో ఒకటి కటక్ కటక్ అని కొట్టుకుంటోంది, చదవడం కష్టమైన పెండింగ్ సెక్టార్లు వందల్లోకి వెళ్ళాయి, జెడ్‌ఎఫ్ఎస్ ఆ డిస్కుని పక్కన పెట్టేసింది. కొత్త డిస్కుల్లోనూ ఒక్కోటి పోతుంటాయి, సరే అనుకున్నా. కానీ ఎందుకో మనసొప్పక ఫార్మ్ లాగ్ చూశా. తెలియనివాళ్ళకి: సీగేట్ డిస్కులు స్మార్ట్‌తో పాటు తమ చరిత్రంతా ఇంకోచోట కూడా రాసుకుంటాయి, ఎన్ని గంటలు తిరిగాయి, హెడ్లు ఎన్ని గంటలు ఎగిరాయి, ఎప్పుడు తయారయ్యాయి అన్నీ. దానికే ఫార్మ్ అని పేరు. స్మార్ట్‌మోన్‌టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 7.4 వెర్షన్ నుంచి దాన్ని చూడొచ్చు. మోసగాళ్ళు స్మార్ట్‌ని సున్నా చేస్తారు, దీన్ని చాలాసార్లు వదిలేస్తారు. 2025 జనవరిలో జర్మనీలో వాడేసిన సీగేట్ డిస్కులు కొత్తవిగా అమ్ముడవుతున్నాయని హైజే అనే టెక్ వార్తా సంస్థ వాళ్ళు బయటపెట్టింది ఈ లెక్కలతోనే. అవి చియా అనే క్రిప్టో మైనింగ్‌లో అరిగిపోయిన డిస్కులై ఉంటాయని అప్పట్లో అనుకున్నారు. అదే ఏడాది మలేషియాలో పాత డిస్కుల గంటలు చెరిపి, స్టిక్కర్లు మార్చే గోదాము మీద దాడి కూడా జరిగింది. ఇవన్నీ ఎక్కడో జరిగేవని చదివి పక్కన పెట్టేశా.

నా దాంట్లో ఫార్మ్ ఏం చెప్పిందంటే, చెడిపోయిన డిస్కు 26,900 గంటలు తిరిగింది. మూడేళ్ళు దాటి, పగలూ రాత్రీ. రెండోది 31 వేలు. అంటే ఇంకా బతికున్నదే ఎక్కువ ముసలిది. మిర్రర్ పెట్టుకున్నా అని గర్వంగా చెప్పుకున్నా కదా, రెండూ ఒకే గోనెసంచిలోంచి వచ్చిన సరుకు. ఒకటి పోయాక దాని డేటా నింపడానికి రెండోదాన్ని గంటల తరబడి ఏకబిగిన చదవాలి, ఈ ముసలిది ఆ పరుగు తట్టుకుంటుందా? పాత ఎక్స్‌టర్నల్ డిస్కుని ఇంకా ఫార్మాట్ చేయలేదు కాబట్టి నాన్న వీడియోలు బతికాయి.

డిస్కు ఊడదీసి వెలుతురులో చూశా. సాటా పిన్నుల బంగారు రంగు మీద సన్నటి గీతలు, ఎన్నోసార్లు గుచ్చి లాగినవి. పక్కన స్క్రూలు పట్టే రంధ్రాల్లో మరలు అరిగిన మెరుపు. స్టిక్కర్ ఒక మూల గోరుతో గీరితే లేచింది, కింద ఇంకో జిగురు మరక.

ఇక అసలు కథ. రెండు డిస్కులూ, లాప్‌టాప్ పట్టుకుని షాపుకి వెళ్ళా. టీ రాలేదు. లాప్‌టాప్ తెరిచి ఫార్మ్ లాగ్ చూపిస్తే ఒక్క క్షణం చూసి, "లైనక్స్‌ల అట్లనే చూపిస్తది అన్నా, అది కరెక్ట్ కాదు. మన విండోస్‌ల చూద్దాం" అన్నాడు. నా చేతిలోంచి రెండోదాన్ని, అంటే ఇంకా పనిచేస్తున్నదాన్ని, తీసుకుని డిస్కు గుచ్చే తన యూఎస్‌బీ డాక్‌లో నిలబెట్టి, డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచాడు. నీలం రంగులో గుడ్ అని వచ్చింది. మానిటర్‌ని నావైపే కాదు, అక్కడున్న మిగతా గిరాకీల వైపు కూడా తిప్పి, "చూడండి సార్, మీరే చెప్పండి, గుడ్ అని రాసుందా లేదా?" అన్నాడు. సీసీ కెమెరాలకి డిస్కు కొనడానికొచ్చిన ఒక పెద్దాయన తల ఊపాడు కూడా.

చెడిపోయింది అది కాదు, ఇంకోటి పెట్టు అంటున్నా. వినిపించుకోవట్లేదు. అప్పుడు కనపడింది నాకు. ఆ స్క్రీన్ మీదే సీరియల్ నంబర్ ఉంది. డాక్‌లో నిలబడ్డ డిస్కు స్టిక్కర్ సరిగ్గా నా ముఖానికి ఎదురుగా ఉంది. రెండూ ఒకటి కాదు! మొదటి రెండు అక్షరాలు కూడా కలవట్లేదు. నేను అప్పుడు వారంటీ చూసుకున్నది స్టిక్కర్ నంబరుకి, అది వేరే ఎక్కడో ఉన్న నిఖార్సయిన కొత్త డిస్కు నంబరు. నా చేతికొచ్చిన డిస్కు నంబరు లోపల ఇంకోటి. గట్టిగా చదవడం మొదలుపెట్టా, స్టిక్కర్ మీద ఇది, స్క్రీన్ మీద ఇది, అని ఒక్కో అక్షరం. నాలుగో అక్షరం దగ్గర ఆయన చెయ్యి మౌస్ మీదికి వెళ్ళింది. విండో మూసేశాడు. ఏమీ జరగనట్టు డిస్కు డాక్‌లోంచి లాగి కౌంటర్ మీద పెట్టాడు, పెట్టడం అంటే మర్యాదకి అంటున్నా, పడేశాడు.

"ఇప్పుడు ఏమంటవ్?" అన్నాడు. "అన్నా" పోయింది, "మీరు" ఎప్పుడో పోయింది.

డబ్బులు వాపస్ కావాలన్నా. "చీటీ మీద ఏం రాసుందో చదువు, చదువుకున్నోనివే కదా." పైగా, "నువ్వే కింద పడేస్కొని తెచ్చినవేమో ఎవనికి తెల్సు." నేను గొంతు పెంచా, ఒప్పుకుంటా. అప్పుడు లోపల డబ్బాలు సర్దుతున్న కుర్రాళ్ళ వైపు తిరిగి, "సార్ ఇంట్ల సర్వర్ పెట్టిండంట్రా. గూగులోళ్ళ లెక్క. సిన్మాలు చూసేటందుకు సర్వర్!" అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఒకడైతే ఫోన్ తీసి "యూట్యూబ్ ఉంది కద సార్" అన్నాడు. 31 వేలు పోయినందుకంటే ఆ నవ్వుకే నాకు ఇప్పటికీ మండుతోంది. నా డబ్బులు గల్లాపెట్టెలో పెట్టుకుని, నా సరుకు నకిలీదని తన స్క్రీన్ మీదే తేలాక, ఎగతాళి కూడా నాకే.

తర్వాత ఇంకో ముత్యం రాలింది. "సరే, లొల్లి వద్దు. ఒక్కోదానికి నాలుగు వేలు ఎక్స్‌ట్రా ఇయ్యి, కంపెనీ మాల్ ఇస్తా." మరి ఇప్పుడిచ్చింది ఏ మాల్ బాబూ? అదే అడిగా. జవాబు లేదు. ఆ పెద్దాయన వైపు తిరిగి, సార్, మీ డిస్కు కూడా ఇక్కడే పెట్టించి నంబర్లు కలుస్తున్నాయో లేదో చూసుకోండి అన్నా. దానికి మాత్రం వెంటనే జవాబొచ్చింది: "మా గిరాకీలను ఖరాబ్ చెయ్యకు, నడువ్ బయటికి." పెద్దాయన నన్నే ఒకరకంగా చూసి డబ్బులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించా. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో పాత సరుకుని కొత్తదని అమ్మడం, బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకోనని మొండికేయడం, మూడూ అనుచిత వ్యాపార విధానం కిందికే వస్తాయి. బిల్లులో గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు తీసుకోవాలని కూడా ఉంది. వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాల్సొస్తే 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. వెళ్తా. నా దగ్గరున్న ఆధారం ఆ గులాబీ చీటీ, యూపీఐ చెల్లింపు వివరాలు. చీటీ మీద సీరియల్ నంబర్లు లేవు, ఎందుకు రాయలేదో ఇప్పుడు బాగా అర్థమైంది.

కొనేవాళ్ళకి చెప్పేది పెద్దగా ఏం లేదు. స్టిక్కర్ నంబరుకి వారంటీ చూసుకుని మురిసిపోకండి, డిస్కుకి కరెంటిచ్చి లోపలి నంబరు స్టిక్కర్‌తో పోల్చండి, వారంటీ కూడా ఆ లోపలి నంబరుకే చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో చాలు, అర నిమిషం పని. సీల్ కోయనివ్వం అంటే లేచి వచ్చేయండి. సీగేట్ అయితే ఫార్మ్ లాగ్ కూడా చూడండి, ఈమధ్య దాన్ని కూడా చెరిపేసేవాళ్ళు తయారయ్యారట కాబట్టి పిన్నుల మీద గీతలు కూడా చూడండి. జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబరు లేకుండా రూపాయి ఇవ్వొద్దు. 18 శాతం మిగులుతుందని నేను మిగుల్చుకున్నది చూశారుగా. వాడిన డిస్కే కావాలంటే వాడినదని చెప్పి అమ్మేవాళ్ళ దగ్గర ఆ రేటుకే కొనుక్కోండి, అందులో తప్పేం లేదు.

గత ఆరేడు నెలల్లో అదే షాపులో ఎవరైనా ఎక్సోస్‌లు కొని ఉంటే ఈ రాత్రికే ఒకసారి చూసుకోండి, తేడా ఉంటే స్క్రీన్‌షాట్ నాకు పంపండి, ఫిర్యాదుకి జతచేస్తా. ఫార్మ్ లాగ్ అన్ని యూఎస్‌బీ డాక్‌ల నుంచీ బయటికి రాదు, నా డాక్‌లో వస్తుంది. సైనిక్‌పురి వైపు ఉన్నవాళ్ళకి కావాలంటే మెసేజ్ పెట్టండి, ఇస్తా.