సముద్రగర్భ శిలల్లో ప్రాచీన జీవం: ఆకారాన్ని నమ్మాలా, అణువులనా?

సముద్రగర్భ శిలల లోతుల్లో ఒకప్పుడు సూక్ష్మజీవులు బతికాయనడానికి చూపే ఆధారాల్లో ప్రధానమైనవి రెండు. మొదటిది ఆకారం. లావా నీటిలో చల్లారినప్పుడు ఏర్పడే బసాల్టు గాజులో, పగుళ్ల అంచుల నుంచి లోపలికి తొలుచుకుపోయినట్లు సాగే, కొన్ని మైక్రాన్ల మందమున్న సన్నని గొట్టాలు సూక్ష్మదర్శినిలో కనిపిస్తాయి. చూడగానే జీవి చేసిన పనే అనిపిస్తుంది. కానీ కేవల రసాయన చర్యలు కూడా గాజును అలా తొలచగలవన్న అభ్యంతరం ఇంకా తీరలేదు.

రెండవది అణువులు. 1993లో ఐబీరియా (స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ద్వీపకల్పం) తీరానికి ఆవల సముద్రగర్భం నుంచి తవ్వితీసిన సర్పెంటినైట్ శిలలను (భూమి పైపొర కింది మాంటిల్ శిల నీటితో చర్య జరిపి ఇలా మారుతుంది) చాలా ఏళ్ల తర్వాత మళ్లీ పరిశీలించి, 2015లో ఫలితాలు ప్రకటించారు. బ్రూసైట్, కాల్సైట్ ఖనిజాలు నిండిన పగుళ్లలో, సూక్ష్మజీవుల సమూహాలను పోలిన కార్బన్ ముద్దలతో పాటు బాక్టీరియాకూ, ఆర్కియా అనే మరో రకం సూక్ష్మజీవులకూ చెందిన లిపిడ్లు (కొవ్వు వంటి అణువులు) దొరికాయి. మాంటిల్ శిలతో నీరు చర్య జరిపితే హైడ్రోజన్ పుడుతుంది. అది సముద్రజలంతో కలిసే చోట సూక్ష్మజీవులకు శక్తి లభిస్తుంది. అట్లాంటిక్‌లోని లాస్ట్ సిటీ వేడినీటి బుగ్గల్లో నేటికీ జరుగుతున్నది ఇదే. ఐబీరియా శిలల్లో అది జరిగి సుమారు 12 కోట్ల ఏళ్లయింది.

డ్రిల్లింగులో వాడే సముద్రజలం, నిల్వలో సోకే జీవులు నమూనాలను కలుషితం చేయగలవన్న మాట నిజమే. అయినా ఆకారం, ఖనిజం, లిపిడ్లు మూడూ ఒకే చోట ఒకే కథ చెబుతున్నందున నేను రెండవదానికే మొగ్గుతాను. గాజు గొట్టాలలోనూ అలాంటి అణువులు దొరికితే వాటినీ అంతే ధీమాగా నమ్మవచ్చు.