ఆర్థో చిత్రాలు: తొమ్మిదేళ్లు వాడాక

బెంగళూరు మారతహళ్లిలో ఒక చిన్న సర్వే కార్యాలయంలో తొమ్మిదేళ్లుగా నాది ఒకటే పని. విమానమో ఉపగ్రహమో తీసిన చిత్రం మీద చెరువు గట్లు, కాలువలు, రోడ్లు గీయడం. చిత్రం ఆర్థో అయితేనే ఆ గీతను కొలవడానికి ధైర్యం చేస్తాను. కెమెరా వాలు వల్ల, నేల ఎత్తుపల్లాల వల్ల పక్కకు జరిగినవాటిని ఎక్కడ నేల ఎంత ఎత్తో చెప్పే ఎత్తుల నమూనా సాయంతో సొంత చోటికి చేర్చిన చిత్రమే ఆర్థో.

దాని విలువ నాకు సావనదుర్గ దగ్గర తెలిసింది. 1,226 మీటర్ల రాతికొండ అది. రెండు దిక్కుల నుంచి తీసిన రెండు చిత్రాలను ఒకదాని మీద ఒకటి పరిస్తే, కింద గుడి దగ్గర కలిసి ఉన్న కాలిబాట పైకి పోయేకొద్దీ రెండుగా చీలిపోయింది. సరిచేశాక మళ్లీ ఒకటే బాట.

ఊళ్లో మాత్రం జాగ్రత్త. మామూలు ఆర్థోలో నేల సరవుతుంది, భవనాలు వాలిపోయే ఉంటాయి. 25 డిగ్రీల వాలులో తీస్తే 45 మీటర్ల అపార్ట్‌మెంటు పైకప్పు సుమారు 21 మీటర్లు పక్కకు పడుతుంది. మొదటి ఏడాది నేను పైకప్పు అంచు వెంటే గీశాను. యజమాని పటం చూసి, "ఏమండీ, మా నీళ్ల ట్యాంకును ఎదురింటివాళ్ల పెరట్లో పెట్టారేమిటి?" అన్నారు. ఇప్పుడు గోడ నేలను తాకే చోటే గీస్తాను. అక్కడ చెట్టు అడ్డొస్తే మనిషిని పంపి కొలిపిస్తాను. భవనాలనూ నిటారుగా నిలబెట్టే ట్రూ ఆర్థో ఉంది కానీ, చెరువు పనికి అంత ఖర్చు దండగ.

చెరువులకైతే 2005లో ఇస్రో ప్రయోగించిన కార్టోశాట్-1 ఉపగ్రహం చిత్రాలను ఇప్పటికీ తెరుస్తాను. స్పష్టత 2.5 మీటర్లే, అంటే చిత్రంలో ఒక చుక్క నేల మీద 2.5 మీటర్లు. ఇల్లు మచ్చలా కనిపిస్తుంది, గట్టు మాత్రం దాక్కోదు. ఈ మధ్య పూడిపోయిన చెరువుకు అప్పటి నీటి అంచు అందులో దొరుకుతుంది.

ఒకసారి కొన్న ఖరీదైన ఆర్థోలో ఫ్లైఓవర్ జంతికలా మెలికలు తిరిగి వచ్చింది. వాడిన ముతక ఎత్తుల నమూనాలో వంతెన సగం ఉంది, సగం లేదు. అందుకే ఎన్ని సెంటీమీటర్ల స్పష్టత అని ఎవరైనా గొప్పగా చెప్పబోతే, ముందు ఏ నమూనా, ఏ ఏడాదిది అని అడుగుతాను.

తూర్పు వైపు పనిచేసేవారికి ఇంకో తలనొప్పి. భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా, విడగొట్టి చోట్లను కొలిచే యూటీఎం పద్ధతిలో బెంగళూరు 43వ జోన్, కోలారు 44. చూసుకోకుండా రెండు షీట్లనూ 43లోనే తెరిచాను. కోలారు వెళ్లి అరేబియా సముద్రంలో తేలింది.