డీబీటీ టెస్టులు సరిపోతాయా, అబ్జర్వబిలిటీ టూల్ కూడా కావాలా?
డీబీటీలో (డేటా టేబుల్స్ తయారుచేసే టూల్) నాట్ నల్ (విలువ ఖాళీగా ఉండకూడదు), యూనిక్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదు) టెస్టులున్నాయి కదా, మళ్ళీ మాంటే కార్లో లాంటి అబ్జర్వబిలిటీ టూల్‌కి, అంటే వచ్చే డేటా తీరుని రోజూ గమనించే దానికి, డబ్బులెందుకని చాలామంది అడుగుతుంటారు. నిజమే, టెస్టుకి వేరే టూల్ కొనే ఖర్చు లేదు, యామల్ అనే సెట్టింగ్స్ ఫైల్లో రెండు లైన్లు రాస్తే ఆర్డర్ ఐడీ రెండుసార్లు పడిందా అన్నది ఖచ్చితంగా చెప్పేస్తుంది. కానీ మనకి ముందే తట్టిన తప్పునే అది పట్టుకుంటుంది, అసలు చిక్కంతా అక్కడే.

2020లో ఇంగ్లండ్‌లో కోవిడ్ ల్యాబ్ రిజల్ట్స్‌ని పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కిస్తుంటే 65,536 వరసలు దాటినవి రాలిపోయి ఏకంగా 15,841 పాజిటివ్ కేసులు లెక్కలోకే రాలేదు, వాళ్ళ కాంటాక్టులకి కబురు కూడా లేటయింది. వచ్చిన వరసలు బానే ఉన్నాయి, రాని వరసని నాట్ నల్ టెస్టు ఎలా పట్టుకుంటుంది చెప్పండి! అబ్జర్వబిలిటీ అయితే రోజూ ఎన్ని వరసలొస్తున్నాయి, టైముకొచ్చాయా, కాలమ్స్ మారాయా అని పాత తీరుతో పోల్చుకుంటూ ఉంటుంది, తేడా కనిపిస్తే ఏ టేబుల్ నుంచి ఏ డాష్‌బోర్డ్ దాకా పాకిందో లీనియేజ్‌లో (డేటా ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తుందో చెప్పే మ్యాప్) చూపిస్తుంది.

బిల్లు మాత్రం గట్టిగానే ఉంటుంది, పండగ సేల్ రోజు ఆర్డర్లు పెరిగినా అలర్టే, కొన్నాళ్ళు ట్యూన్ చేసుకోవాలి.

టేబుల్స్ కొన్నే అయితే టెస్టులు, వాటితో పాటు డీబీటీ సోర్స్ ఫ్రెష్‌నెస్ (మూల డేటా తాజాగా వస్తోందా అని చూసే చెక్) పెట్టుకోండి, చాలు. అదే డేటా చూసి రేట్లు, లోన్లు ఆటోమేటిగ్గా డిసైడవుతుంటే మాత్రం అబ్జర్వబిలిటీ లేకుండా నడపొద్దు.