తడి మీద తడి: వాటర్ కలరా, ఆయిలా?

ఆరని తడి మీదే రంగు వేయడాన్ని తడి మీద తడి అంటారు. వాటర్ కలర్‌లోనూ ఆయిల్‌లోనూ పేరు ఒకటే గానీ రెండూ అసలు ఒకే పని కాదు. వాటర్ కలర్‌లో కాగితం తడిపి బ్రష్ అలా ఆనిస్తే చాలు, రంగు నీళ్లు ఎటు పోతే అటు పాకుతుంది, మనం చూస్తూ కూర్చోవాలి. కాగితం మీద మెరుపు తగ్గి ఆరబోతున్నప్పుడు ఎక్కువ నీళ్లున్న బ్రష్ తగిలిందో, గోబీ పువ్వులా అంచులు చిట్లిన మరక పడుతుంది. మేఘాలకైతే అదే అందం, ముఖం మీద పడితే మాత్రం ఏడుపే. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే మందపాటి) కాటన్ కాగితమైతే తడి కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. ఆరాక రంగు పాలిపోతుంది కాబట్టి మొదటే చిక్కగా వేయాలి.

ఆయిల్ పాకదు, పెట్టిన చోటే ఉంటుంది. నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడాలి కాబట్టి రోజులు పడుతుంది, తొందరే లేదు. టీవీలో బొమ్మలు వేసి చూపించిన అమెరికన్ చిత్రకారుడు బాబ్ రాస్ కాన్వాస్‌కి ముందు పల్చటి తెల్ల రంగు పూసి, తడి మీదే అరగంటలో కొండలు లేపేవాడు. కిటుకల్లా కింద గట్టి రంగు, పైన పల్చటిది. నాలుగుసార్లు ఎక్కువ రుద్దితే అంతా బురదే, కాకపోతే కత్తితో గీకేసి మళ్లీ వేయొచ్చు. కొత్తవాళ్లకి నేనైతే ఆయిలే చెప్తాను.