ఇన్‌స్టాగ్రామ్, బిహాన్స్, సొంత సైటు: బొమ్మలు వేసేవాళ్లకి ఏది ఎంతవరకు పనికొస్తుంది?

పిల్లల పుస్తకాలకీ, పత్రికలకీ, కవర్లకీ బొమ్మలు వేసే పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఈ సమీక్ష. చేతిలో పాతిక ముప్పై మంచి బొమ్మలుంటాయి, వాటిని ఎక్కడ పెడితే పని దొరుకుతుందో తెలియదు. ఈ మూడింటినీ ఏళ్ల తరబడి పక్కపక్కనే వాడాక తేలిన లెక్క ఇది: ఇన్‌స్టాగ్రామ్ వల్ల మనం ఉన్నామని నలుగురికీ తెలుస్తుంది. పని నమూనాలు పెట్టుకునే సైటు బిహాన్స్, దాని వల్ల మన పని ఒక పద్ధతిగా కనిపిస్తుంది. డబ్బిచ్చే పని మాత్రం ఎక్కువగా సొంత సైటు లింకు పెట్టి పంపిన నాలుగు లైన్ల మెయిలుతోనే వస్తుంది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. రోజుకో రీలు పెడతారు, ఈమెయిల్ ఐడీ మాత్రం ఎక్కడా రాయరు.

ఇన్‌స్టాగ్రామ్: 5కి 3

ముందు కొలతలు. 2025 జనవరిలో ప్రొఫైల్ గ్రిడ్ చదరపు గళ్ల నుంచి 3:4 నిలువు గళ్లకి మారింది. పాత చదరపు బొమ్మలు ఇప్పుడు గ్రిడ్‌లో పక్కలు తెగి కనిపిస్తాయి. 1080×1080 బొమ్మకి ఒక్కో పక్క 135 పిక్సెళ్లు పోతాయి. 1080×1350 బొమ్మకి పోయేది పక్కకి 34 మాత్రమే. కాబట్టి బొమ్మని 1080×1350లో తయారుచేసి, ముఖాలూ సంతకమూ అక్షరాలూ అంచు నుంచి కనీసం 60 పిక్సెళ్లు లోపలికి ఉంచితే ఇబ్బంది ఉండదు. పాత పోస్టులకి గ్రిడ్ ప్రివ్యూ సర్దుకునే వీలుంది. మొదట కనిపించే తొమ్మిదింటికి చేస్తే చాలు, పని ఇచ్చేవాళ్లు అంతకంటే కిందికి దిగడం అరుదు.

ఐప్యాడ్‌లో మెరిసిపోయిన రంగులు పోస్టు చేశాక వెలిసినట్టుంటే, మొదట అనుమానించాల్సింది కలర్ ప్రొఫైల్‌ని. ఐప్యాడ్‌లో బొమ్మలు వేసే యాప్ ప్రోక్రియేట్‌లో ‘స్క్రీన్ సైజ్’ కాన్వాస్ తెరిస్తే అది డిస్‌ప్లే పీ3 అనే, ఎక్కువ రంగులున్న ప్రొఫైల్‌లో ఉంటుంది. ఆ రంగుల్లో కొన్ని మామూలు ఫోన్ల తెర మీద రావు. కాన్వాస్ మొదలుపెట్టేటప్పుడే, మామూలు తెరలకి సరిపడే ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్ ఎంచుకోవాలి. ప్రింటు కోసం సీఎంవైకేలో చేసిన ఫైల్ అయితే ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చిన కాపీని వేరేగా ఉంచుకుని దాన్నే పెట్టాలి.

తర్వాతి తంటా కుదింపు. ఎంత పెద్ద ఫైల్ ఇచ్చినా యాప్ తనకి కావలసిన సైజుకి దించి మళ్లీ జేపీజీ చేస్తుంది. జేపీజీ వెలుగునీడల వివరాన్ని బాగానే ఉంచుతుంది గానీ రంగుల వివరాన్ని తగ్గించేస్తుంది. అందుకే ముదురు నీలం మీద ఎర్రటి సన్నగీత మసకబారుతుంది. సాయంత్రపు ఆకాశం లాంటి నున్నటి రంగు మార్పులో చారలు పడతాయి. విరుగుడు మూడు పనులు. 1080 వెడల్పుకి మనమే తగ్గించి ఎగుమతి చేయాలి, ఆ సైజులో గీత మందం 3 పిక్సెళ్లకి తగ్గకూడదు, నున్నటి రంగుల మీద పలచగా గ్రెయిన్ (ఇసుక చల్లినట్టుండే సన్న చుక్కలు) చల్లాలి. యాప్ సెట్టింగుల్లో ఎక్కువ క్వాలిటీతో అప్‌లోడ్ చేసే మీట కూడా ఒకటుంది, దాన్ని ఆన్ చేసి ఉంచాలి.

ఒక్క పోస్టులో ఇప్పుడు 20 బొమ్మల దాకా పెట్టొచ్చు గానీ ఐదారు దాటితే దండగ. పూర్తయిన బొమ్మ, దగ్గరనుంచి ఒక ముక్క, పెన్సిల్ రఫ్, రంగుల ప్రయత్నాలు, అచ్చయిన పేజీ ఫోటో: ఈ వరస బాగా పనిచేస్తుంది. రఫ్ ఎందుకంటే, ఎడిటర్‌కి మన దగ్గర్నుంచి మొదట అందేది రఫ్ కాబట్టి. అది చదివించేలా ఉందా లేదా అన్నదే ఆవిడకో ఆయనకో కావాల్సింది. రీళ్ల విషయానికొస్తే, ప్రోక్రియేట్ దానంతటదే రికార్డు చేసే టైమ్‌లాప్స్‌ని 30 సెకన్లకి కుదించి ఇస్తుంది, శ్రమ ఏమీ లేదు. కానీ వాటిని చూసేవాళ్లలో ఎక్కువమంది తోటి ఆర్టిస్టులే. స్నేహాలకి మంచిది, ఆదాయానికి కాదు.

ప్రొఫైల్‌లో యూజర్‌నేమ్ వేరు, పేరు గడి వేరు. వెతుకులాటలో పేరు గడి కూడా పట్టుకుంటుంది కాబట్టి అందులో పేరుతో పాటు ‘ఇలస్ట్రేటర్’ అని, ఊరి పేరూ రాయాలి. బయోకి ఉన్నవి 150 అక్షరాలే. కవితలొద్దు. ఏం వేస్తారో, ఎవరికి వేస్తారో, ఈమెయిల్ ఐడీ, అంతే. యూజర్‌నేమ్‌తో మనవాళ్లకి ప్రత్యేకమైన చిక్కొకటుంది: లక్ష్మి, శ్రీ, చైతన్య లాంటి పేర్లని ఇంగ్లిష్ అక్షరాల్లో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. ఫోన్‌లో పేరు విన్న మనిషి టైప్ చేసి చూస్తే ఇంకెవరో వస్తారు. ఏ స్పెల్లింగ్ ఎంచుకున్నా సైటు, మెయిల్, బిహాన్స్ అన్నిట్లో అదే ఉండాలి. అండర్‌స్కోర్లు, పుట్టిన సంవత్సరాలు వద్దు.

పండగ బొమ్మల గురించి ఒక మాట. ఉగాదికీ సంక్రాంతికీ వేసినవి వాట్సాప్‌లో ఊళ్లు తిరుగుతాయి, పేరు లేకుండా. ఫైల్ లోపల దాచిన పేరు, కాపీరైట్ వివరాలు వాట్సాప్‌లో ఫోటోగా పంపగానే పోతాయి. మూలన పెట్టిన సంతకాన్ని కత్తిరించడం ఎవరికైనా క్షణం పని. సంతకం ముఖ్యమైన ఆకారాన్ని ఆనుకుని, చీర అంచులోనో అరుగు మీదో ఉంటే కత్తిరిస్తే బొమ్మే పాడవుతుంది. పైగా పండగ రోజున పెడితే లైకులొస్తాయి తప్ప పని రాదు. దీపావళి ప్రత్యేక సంచిక బొమ్మలు ఎవరితో వేయించాలన్నది చాలా ముందే తేలిపోతుంది. పాత పండగ బొమ్మని రెండు మూడు నెలల ముందే ఎడిటర్ కంటబడేలా చేయడం తెలివైన పని.

మెసేజుల్లో వచ్చే కమిషన్లలో నకిలీవి ఎక్కువ. ‘మీ ఫోటో చూసి పెయింటింగ్ వేసుకుంటాను, చెక్కు పంపిస్తాను’ అన్నది ఒక రకం, ఆ చెక్కు నకిలీది. ‘వివరాలన్నీ ఈ జిప్ ఫైల్‌లో ఉన్నాయి, పాస్‌వర్డ్ ఇదిగో’ అన్నది ఇంకో రకం, అందులో ఉండేది వైరస్. మన దగ్గర ఎక్కువగా నడిచేది క్యూఆర్ కోడ్ మోసం: అడ్వాన్స్ పంపుతున్నాం, స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే డబ్బు మన ఖాతా నుంచే పోతుంది.

బిహాన్స్: 5కి 3, వేరే కారణాలకి

2005లో మొదలైంది, 2012లో అడోబీ చేతికొచ్చింది. ఉచితం. ఇక్కడ లెక్క బొమ్మల్లో కాదు, ప్రాజెక్టుల్లో. ఒక పుస్తకానికి వేసిన 8–12 బొమ్మల్ని 1400 పిక్సెళ్ల వెడల్పులో వరసగా పెట్టి, మధ్యమధ్య రెండేసి వాక్యాలు రాస్తే పని మొత్తం ఒక చూపులో తెలుస్తుంది. కవర్ 808×632. దాన్ని విడిగా తయారుచేయాలి, ఏదో ఒక బొమ్మని అడ్డంగా కత్తిరించి వదిలేస్తే పాత్ర తల ఎగిరిపోతుంది. గూగుల్‌లో ఈ పేజీలు బాగానే దొరుకుతాయి. లోటేమిటంటే లోగోలు, యాప్ డిజైన్ల రద్దీలో పుస్తకాల బొమ్మలు వెనకబడతాయి. మెచ్చుకోళ్లు వచ్చేది కూడా డిజైనర్ల నుంచే. మూడు గట్టి ప్రాజెక్టులు పెట్టి, ఏడాదికొకసారి సరిచూసుకుంటే సరిపోతుంది.

అడోబీ సాఫ్ట్‌వేర్ల చందా క్రియేటివ్ క్లౌడ్‌కి ఎలాగూ డబ్బు కడుతున్నవాళ్లకి, సైటు తయారుచేసుకునే అడోబీ పోర్ట్‌ఫోలియో దానితోపాటే వస్తుంది. బిహాన్స్ ప్రాజెక్టుల్ని నేరుగా లాక్కుంటుంది, సొంత డొమైన్ (సైటు చిరునామా) తగిలించుకోవచ్చు. అద్దె ఆపితే సైటూ ఆగుతుందని గుర్తుంచుకోవాలి. ఆర్ట్‌స్టేషన్ అనే ఇలాంటి సైటు గేములు, యానిమేషన్ వైపు వెళ్లేవాళ్లకి. హైదరాబాద్ స్టూడియోల్లో ప్రయత్నించేవాళ్లకి అది తప్పనిసరి, పిల్లల పుస్తకాలవాళ్లకి అక్కర్లేదు. ఏఐ శిక్షణకి బొమ్మలు లాగేసుకుంటారన్న భయంతో 2024లో చాలామంది కారా అనే ఆర్టిస్టుల సైటుకి వెళ్లారు. వాతావరణం బాగుంటుంది, పని ఇచ్చేవాళ్లు తక్కువ. ఏఐ మన శైలిని నేర్చుకోకుండా బొమ్మని సన్నగా మార్చే గ్లేజ్ అనే సాఫ్ట్‌వేర్ పూత వేసి పెట్టడం ఒక రక్షణే గానీ, చదునైన రంగుల బొమ్మల మీద ఆ మరక కంటికి కనిపిస్తుంది.

పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వారి ఉచిత పుస్తకాల సైటు స్టోరీవీవర్ వేరే కోవ. అక్కడి పుస్తకాల్లో ఎక్కువ భాగం సీసీ బై 4.0 లైసెన్సు కింద ఉంటాయి. అంటే పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. వాళ్లు పారితోషికమిచ్చి వేయించుకుంటే ఆనందంగా వేయండి, బొమ్మ ఎన్నో భాషల్లో తిరుగుతుంది. మీ దగ్గరున్న మంచి బొమ్మల్ని ఊరికే తీసుకెళ్లి అందులో పెట్టకండి.

సొంత సైటు: 5కి నాలుగున్నర

అర మార్కు తగ్గించింది రెన్యువల్ గొడవకి. డొమైన్ మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి, రెండో ఏడాది నుంచి రెండు మూడు రెట్లు అడగడం ఈ వ్యాపారంలో మామూలు. కొనేముందు చూడాల్సింది రెన్యువల్ ధర. విదేశీ కంపెనీ దగ్గర కొంటే ఇంకో చిక్కు: 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంక్ నిబంధనల వల్ల మన కార్డుల మీద ఆటో రెన్యువల్ తరచూ ఆగిపోతుంది. డొమైన్ పోతే సైటుతో పాటు మెయిల్ కూడా పోతుంది. గడువుకి నెల ముందు చేత్తో కట్టేయడం ఉత్తమం, కుదిరితే ఒకేసారి మూడేళ్లకి.

సైటుని ఇంటర్నెట్‌లో ఉంచే హోస్టింగ్‌కి డబ్బు పెట్టక్కర్లేదు. గిట్‌హబ్ పేజెస్ అనే సేవలో 1 జీబీ దాకా సైటు ఉచితం, సొంత డొమైన్ పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్ దుకాణం నడపడానికి మాత్రం అనుమతించరు. వెబ్ పేజీల కోడ్ (హెచ్‌టీఎంఎల్) అంటే భయపడేవాళ్లు సైట్ బిల్డర్ తీసుకోవచ్చు, కాకపోతే డాలర్లలో నెలసరి అద్దె.

మొదటి పేజీలో 12–15 బొమ్మలు చాలు. పదహారోది నీరసంగా ఉంటే ఎడిటర్‌కి గుర్తుండేది అదే. పిల్లల పుస్తకాల పని కావాలంటే వాటిలో ఒకే పాత్ర కనీసం మూడు స్ప్రెడ్లలో (ఎదురెదురు పేజీల జంటల్లో), వేర్వేరు కోణాల్లో, వేర్వేరు ముఖకవళికలతో ఉండాలి. ఒక్క పేజీలో అందంగా వేయడం చాలామందికి వచ్చు. పదహారు పేజీలూ అదే పిల్లలా కనిపించేలా వేయగలరా అన్నది ప్రచురణకర్త అసలు ప్రశ్న. కథ అచ్చు పడే చోటు ఖాళీ వదిలి, అక్కడ తెలుగు వాక్యాలు నాలుగు పెట్టి చూపిస్తే ఇంకా నయం.

ఒక్కో బొమ్మ పొడుగు వైపు 1600 పిక్సెళ్లు, బరువు 200 కేబీ లోపు. మొదటి పేజీ మొత్తం 3 ఎంబీ దాటకూడదు, చూసేవాళ్లు ఫోన్‌లో చూస్తారు. బొమ్మ దొంగతనానికి కూడా ఇదే మందు: 1600 పిక్సెళ్ల ఫైల్‌తో అంగుళానికి 300 చుక్కల (300 డీపీఐ) అచ్చులో అయిదంగుళాల పైచిలుకే అచ్చవుతుంది, పోస్టర్ కాదు. నడిమధ్య అడ్డంగా వాటర్‌మార్క్ వేస్తే దొంగకంటే ముందు ఎడిటర్ పారిపోతాడు.

తెలుగు అక్షరాల దగ్గర జాగ్రత్తలు కొన్ని. డీటీపీలో వాడే అను ఫాంట్లలో టైప్ చేసింది కాపీ చేసి సైటులో పెడితే చెత్త అక్షరాలొస్తాయి, అందులో ఉన్నది అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్ పద్ధతి కాదు కాబట్టి. సైటులో మాటలన్నీ యూనికోడ్‌లోనే ఉండాలి. అప్పుడే ‘పిల్లల పుస్తకాల బొమ్మలు’ అని తెలుగులో వెతికినా దొరుకుతారు. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. లైన్ ఎత్తు 1.2 పెడితే పై వరస ఒత్తులు కింది వరస గుడుల్ని తాకుతాయి, 1.6 కావాలి. ఫోటోషాప్ పాత వెర్షన్లలో ఒత్తులు విడిపోయి కనిపిస్తే టైప్ ప్రిఫరెన్సెస్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. ప్రతి బొమ్మకీ ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే మాట) తెలుగులో ఒక వాక్యం రాయాలి: ‘చెరువు గట్టున గేదెని తోముతున్న పాప, నీటిరంగులు’ అన్నట్టు.

ఈమెయిల్ ఐడీ ప్రతి పేజీ కిందా కనిపించాలి. సైటులోంచి మెసేజ్ పంపే ఫారం ఒక్కటే పెడితే అది చడీచప్పుడు లేకుండా చెడిపోయినా మనకి తెలియదు. డొమైన్ పేరుతో మెయిల్ పెట్టుకుంటే మెయిల్ నిజంగా మన డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం రికార్డులు చేర్చాల్సిందే, లేకపోతే మన ఉత్తరాలు స్పామ్‌లోకి పోవచ్చు.

ఆ తర్వాత మెయిలు

సైటు ఎవరూ వచ్చి చూడరు, మనమే పంపాలి. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం, తెలుగులో కూడా వేసే చెన్నై తూలిక, ఇంకా ప్రథమ్ బుక్స్: వీళ్ల పుస్తకాలు నాలుగైదు తిరగేసి, మన గీత ఎవరికి నప్పుతుందో చూసుకుని ఒక్కొక్కరికి విడిగా రాయాలి. సబ్జెక్ట్ లైన్‌లో పేరు, ‘పిల్లల పుస్తకాల ఇలస్ట్రేటర్’, ఊరు. లోపల నాలుగు లైన్లు, సైటు లింకు, రెండు బొమ్మలు, రెండూ కలిపి 1 ఎంబీ లోపు. డ్రైవ్ లింకు పంపితే అనుమతి లేదని తెరుచుకోకపోవడం నిత్యం జరిగేదే. జవాబు రాకపోతే ఆరు వారాల తర్వాత కొత్త బొమ్మ ఒకటి జతచేసి మళ్లీ రాయొచ్చు. ‘నా మెయిల్ చూశారా’ అని అడగడం కంటే ఇది మర్యాద.

పని దొరికాక దాన్ని సైటులో పెట్టుకోవచ్చా అన్నది చాలామంది అడగరు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్లే. హక్కులు రాసిచ్చేటప్పుడు కాలం చెప్పకపోతే అయిదేళ్లనీ, ప్రాంతం చెప్పకపోతే భారతదేశమనీ 19వ సెక్షన్ అంటుంది. 17వ సెక్షన్ వల్ల, నోటిమాట మీద వేసిన బొమ్మని మన సైటులో పెట్టుకోవడానికి కూడా అవతలివాళ్ల అనుమతి కావాల్సి రావొచ్చు. అడ్వాన్స్ అందుకునే మెయిల్‌లోనే ఇలా రాసి, ‘సరే’ అన్న జవాబు తెప్పించుకోండి: ‘ఈ బొమ్మల కాపీరైట్ చిత్రకారుడిదే, పుస్తకంలో వాడుకునే హక్కు ప్రచురణకర్తది, పుస్తకం విడుదలయ్యాక బొమ్మల్ని నా సైటులోనూ సోషల్ మీడియాలోనూ నా పని నమూనాగా చూపించుకుంటాను.’